నగరానికి ఊపిరి పోసిన ఓమ్‌స్టెడ్

పల్లెలో పుట్టి పెరిగినవానికి చెట్టునీడ వెల పెట్టి కొనవలసిన వస్తువు కాదు. చెరువుగట్టు మీది మర్రి, ఊరి వెలుపలి మామిడితోపు, రచ్చబండ మీది వేపనీడ ఏ ఒక్కరి సొత్తూ కాక అందరి సొత్తూ అయి ఉంటవి. మనుష్యులు లక్షల సంఖ్యలో ఒకచోట చేరి నగరం కట్టుకొన్నప్పుడు మొట్టమొదట పోగొట్టుకొనేది ఈ సొత్తునే. ధనవంతుడు తన మేడ చుట్టూ తోట వేసుకొంటాడు. వేసవి వచ్చినదంటే కొండలకో, సముద్రతీరానికో తరలిపోతాడు. దినకూలి మీద బ్రదికేవాడు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు నగరం నడిబొడ్డునే సమాధానం చెప్పవలెనని నమ్మి, ఆ నమ్మకాన్ని మన్నుతో, నీటితో, చెట్లతో రూపుకట్టించినవాడు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్. న్యూయార్కు నగరం నడుమ ఉన్న సెంట్రల్ పార్కు ఆయనా, ఆయన సహచరుడు కాల్వర్ట్ వాక్సూ కలిసి చేసిన సృష్టి. ఆ తోట కథే ఆయన జీవితకథలోని ముఖ్యఘట్టం. ఆ కథలో గొప్పతనం ఉన్నది, పొరపాటూ ఉన్నది, ఆ పొరపాటును కొంత దిద్దుకొన్న తీరూ ఉన్నది.

ఓమ్‌స్టెడ్ 1822 ఏప్రిల్ 26వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి జాన్ బట్టల వర్తకంలో బాగా గడించినవాడు. నాలుగో ఏడు నిండకముందే బాలునికి తల్లి పోయినది. తండ్రి మరల పెండ్లాడినాడు. ఆ తండ్రికి మాటలు తక్కువ, ప్రకృతి మీద మక్కువ ఎక్కువ. సెలవులలో కుటుంబాన్ని బండిలో ఎక్కించుకొని కొండలూ, లోయలూ, నదీతీరాలూ చూపించుకొంటూ పోవడం ఆయనకు అలవాటు. చెట్టు ముందర మౌనంగా నిలబడి చూడడమనే విద్యను ఆ బాలుడు బడిలో గాక ఆ బండిప్రయాణాలలోనే నేర్చినాడు.

బడిచదువు ఆయనకు సరిగా సాగలేదు. పల్లెటూళ్ల మతగురువుల ఇండ్లలో ఒకచోట కొన్నాళ్లు, మరొకచోట కొన్నాళ్లు చదివినాడు. యేల్ కళాశాలలో చేరవలసిన వయస్సులో ఒక విషపుమొక్క తగిలి కండ్లు దెబ్బతిన్నవి. ఆ ఆలోచన మానుకోవలసి వచ్చినది. తరువాత ఆయన చేయని ప్రయత్నం లేదు. న్యూయార్కులో ఒక వర్తకుని కొట్టులో గుమాస్తాగా కూర్చున్నాడు. ఆ పని పడలేదు. 1843లో ఓడ ఎక్కి నావికుడుగా చైనాకు పోయినాడు. రోగంతో కృశించి తిరిగి వచ్చినాడు. తండ్రి ఇచ్చిన ధనంతో న్యూయార్కు చెంతనున్న స్టేటన్ ద్వీపంలో 1848 నుండి వ్యవసాయం చేసినాడు. అదీ లాభసాటి కాలేదు. ముప్పది సంవత్సరాలు దగ్గరపడుతున్నా వృత్తి అంటూ స్థిరపడని ఆ కొడుకును చూచి తండ్రి విచారించడంలో వింత లేదు. కాని గుమాస్తాగా లెక్కలు వ్రాయడం, రైతుగా నేలను తెలిసికొనడం, నావికుడుగా క్రింది తరగతి మనుష్యుల కష్టం అనుభవించడం, ఇవేవీ తరువాతి కాలంలో వృథా పోలేదు.

1850లో ఆయన తన తమ్మునితోనూ, ఒక మిత్రునితోనూ ఇంగ్లండుకు పోయి కాలినడకన గ్రామసీమలలో తిరిగినాడు. లివర్‌పూల్ నగరానికి నది ఆవలిగట్టున ఉన్న బర్కెన్‌హెడ్‌లో ఒక రొట్టెల దుకాణంవాడు ఆ ఊరి క్రొత్త పార్కు చూచి పొమ్మని వారికి సలహా ఇచ్చినాడు. జోసెఫ్ పాక్స్‌టన్ రూపొందించగా 1847లో తెరచిన తోట అది. ఐరోపాలో అంతవరకు పేరుపొందిన ఉద్యానాలలో చాలా భాగం రాజులవో, ప్రభువులవో. ప్రజలు వాటిలో అడుగు పెట్టడం యజమాని దయ. బర్కెన్‌హెడ్ తోటను పురపాలకులే ప్రజాధనంతో కట్టినారు. అక్కడ కూలివాడు, తోటమాలి, గృహస్థుల బిడ్డలు ఒకే బాటపై నడుస్తున్నారు. ప్రజాప్రభుత్వం తనదని గర్వించే అమెరికాలో ఇటువంటిది ఒకటీ లేకపోవడం ఓమ్‌స్టెడ్‌కు సిగ్గనిపించినది. రెండేండ్లకు ఆ యాత్రను గురించి ఆయన గ్రంథం వ్రాసి ప్రకటించినాడు.

ఆ గ్రంథం వలన ఆయనకు పత్రికారచయితగా పేరు వచ్చినది. 1852 నుండి 1854 వరకు న్యూయార్కు దినపత్రిక ఒకటి పంపగా దక్షిణ రాష్ట్రాలలో సంచరించి, అక్కడి నీగ్రో బానిసల స్థితిగతులను కండ్లారా చూచి లేఖలు వ్రాసినాడు. బానిసత్వం బానిసను మాత్రమే గాక యజమానిని, నేలను, సంఘం మొత్తాన్ని దరిద్రంలో ముంచుతుందని ఆయన నిర్ణయానికి వచ్చినాడు. పెద్ద భవంతులున్న ఆ సీమలలో పదిమంది కలిసి అనుభవించే గ్రంథాలయమో, విద్యాలయమో, తోటో అరుదుగా ఉండడం ఆయన కంట బడినది. ప్రజలందరికీ చెందిన స్థలం లేనిచోట ప్రజాస్వామ్యం పేరుకే ఉంటుందన్న భావం ఆయన మనస్సులో బలపడినది.

ఇక న్యూయార్కు సంగతి. 1811లో అధికారులు మాన్‌హటన్ ద్వీపంలో చాలా భాగాన్ని చదరంగపు పలకవలె నిలువు వీథులుగా, అడ్డు వీథులుగా గీచి పెట్టినారు. ఆ పటంలో ఇండ్లకు, అంగళ్లకు చోటున్నది గాని తోటలకు చోటు చాలా తక్కువ. వలస వచ్చిన ఐరిష్, జర్మన్ కుటుంబాలతో దిగువ పేటలు క్రిక్కిరిసిపోయినవి. కలరా, క్షయ రోగాలు తరచు ప్రబలుతుండేవి. గాలి వెలుతురులు కోరిన నగరవాసులు ఊరి వెలుపలి శ్మశానవాటికలకు విహారానికి పోయేవారంటే వారి కరవును ఊహించవచ్చును. కవి విలియం కల్లెన్ బ్రయంట్, ఉద్యానశాస్త్రవేత్త ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ పత్రికలలో పెద్ద పార్కు కావాలని వాదించినారు. 1853లో రాష్ట్ర శాసనసభ నగరం నడుమ నేల సేకరించడానికి చట్టం చేసినది.

ఆ నేల ఖాళీ నేల కాదు. రాళ్లు, బురదగుంటలు నిండిన ఆ ప్రదేశంలో సుమారు 1600 మంది కాపురముండేవారు. అందులో సెనెకా విలేజి అనే పేట 1825లో వెలసినది. స్వేచ్ఛాజీవులైన నీగ్రోలు తమ సొంత డబ్బుతో నేల కొని, ఇండ్లు కట్టుకొని, చర్చీలూ, బడీ నెలకొల్పుకొన్న పేట అది. సొంత నేల ఉన్న నల్లవారికి మాత్రమే ఓటుహక్కు ఉన్న ఆ రోజులలో ఆ కొద్దిపాటి నేల వారికి ఇల్లు మాత్రమే కాదు, పౌరసత్వం కూడా. 1857 నాటికి వారందరినీ లేవగొట్టినారు. ఇది ఓమ్‌స్టెడ్ చేసిన పని కాదు. ఆయన కొలువులో చేరేసరికే తీర్మానాలన్నీ అయిపోయినవి. అయినా అందరి కోసం కట్టిన తోటకు పునాది కొందరి ఇండ్లు కూల్చిన చోట పడినదన్న నిజాన్ని చరిత్ర మరవరాదు. నూరేండ్లకు పైగా మరచినది కూడా. ఇటీవలి దశాబ్దాలలోనే పరిశోధకులు ఆ పేట ఆనవాళ్లు త్రవ్వి తీసినారు.

1857లో ఓమ్‌స్టెడ్ భాగస్వామిగా చేరిన పుస్తకప్రచురణ సంస్థ దివాలా తీసినది. ముప్పదియైదేండ్ల వయస్సులో చేతిలో పని లేదు, మీద అప్పు ఉన్నది. ఆ సెప్టెంబరులో పార్కు పనులకు పర్యవేక్షకుడు కావాలని తెలిసి, దరఖాస్తు పెట్టి, ఆ ఉద్యోగం సంపాదించినాడు. ఆ ఏడే దేశంలో ఆర్థికసంక్షోభం చెలరేగినది. పని కోసం వేలమంది నిరుద్యోగులు పార్కు కచేరీ ముందు గుమికూడేవారు. నవంబరులో ప్రాణసమానుడైన తమ్ముడు జాన్ క్షయవ్యాధితో మరణించినాడు. రెండేండ్ల తరువాత ఓమ్‌స్టెడ్ తమ్ముని భార్య మేరీని వివాహమాడి, ముగ్గురు బిడ్డలకు తండ్రి అయినాడు.

పార్కుకు తగిన నమూనా కోసం అధికారులు పోటీ ప్రకటించినారు. అట్లు పోటీ పెట్టించడంలో పట్టుబట్టినవాడు కాల్వర్ట్ వాక్స్. లండనులో పుట్టి, డౌనింగ్‌తో పనిచేయడానికి అమెరికా చేరిన వాస్తుశిల్పి ఆయన. ఆయనే ఓమ్‌స్టెడ్‌ను తనతో కలిసి పోటీలో పాల్గొనమని పిలిచినాడు. ఆ పిలుపే లేకుంటే ఓమ్‌స్టెడ్ పేరు ఒక పర్యవేక్షకుని పేరుగానే మిగిలిపోయేదేమో! వచ్చిన 33 నమూనాలలో వారు గ్రీన్స్‌వార్డ్ అని పేరు పెట్టి పంపినది 1858 ఏప్రిల్‌లో ప్రథమ బహుమతి పొందినది.

ఆ నమూనాలోని ప్రజ్ఞ ఏమిటో విద్యార్థులు తెలిసికొనదగినది. తోటకు అడ్డంగా నాలుగు రహదారులు వేయవలెనని పోటీ నిబంధన. మిగిలినవారు ఆ దారులను తోటపైననే పరచినారు, తోట ముక్కలైపోయినది. ఓమ్‌స్టెడ్, వాక్స్ ఆ దారులను నేలమట్టానికి దిగువగా త్రవ్వించి, వాటిపై వంతెనలు కట్టి, వంతెనలపై చెట్లు నాటించినారు. సరకుబండ్లు క్రింద పోతుంటే పైన నడిచేవానికి అవి కనబడవు. లోపల కూడా నడిచేవారికి ఒక బాట, గుఱ్ఱపురౌతులకు ఒక బాట, బండ్లకు ఒక బాట. ఒకదానితో ఒకటి తగలకుండా వంతెనలు. అంచుల వెంట దట్టంగా చెట్లు పెంచి నగరాన్ని చూపుకు మరుగు చేసినారు. ఇరుకుగదిలోనుండి వచ్చినవాని కంటికి విశాలమైన పచ్చిక కనబడవలె. ఒక మలుపు తిరిగితే నీరు, మరొక మలుపు తిరిగితే రాతిగుట్టల మధ్య చిట్టడవి. చూచేవానికి తెలియకుండానే మనస్సు తేరుకోవాలి. ఇదే ఓమ్‌స్టెడ్ సిద్ధాంతం.

సహజమని తోచే ఆ దృశ్యమంతా నిజానికి మనుష్యుల చేతిపనే. చెరువులు త్రవ్వినవి, వాటిలోని నీరు గొట్టాల ద్వారా వచ్చినది. బండలను మందుగుండుతో పేల్చినారు. పొరుగునున్న న్యూజెర్సీ నుండి సారవంతమైన మన్ను తెచ్చి పోసినారు. నాటిన చెట్లూ పొదలూ 2,70,000కు పైమాట. వేలకొలది కూలీలు, అందులో ఎక్కువమంది ఐరిష్‌వారు, ఎండలో మంచులో పనిచేసినారు. తోట 1863లో ఉత్తరాన 110వ వీథి వరకు పెరిగినది. ఇప్పటి వైశాల్యం 843 ఎకరాలు. 1858 డిసెంబరులో చెరువు గడ్డకట్టగానే నగరవాసులు గుంపులుగా వచ్చి మంచుపై జారుతూ ఆడుకొన్నారు. మిగిలిన పనులు పూర్తి కాకముందే జనం తోటను తమదిగా చేసికొన్నారు.

1860 ఆగస్టులో బండి తలక్రిందులై ఓమ్‌స్టెడ్ తొడ ఎముక మూడుచోట్ల విరిగినది. కొద్దిదినాలకే రెండు నెలల పసికందు మరణించినాడు. అటువంటి స్థితిలోనూ ఆయన డోలీవంటి పడకపై పడుకొని తోటంతా మోయించుకొంటూ పనులు చూచుకొన్నాడు. ఆ కుంటు జీవితాంతం పోలేదు. 1861లో అంతర్యుద్ధం రాగానే గాయపడిన సైనికుల ఆరోగ్యరక్షణకు ఏర్పడిన శానిటరీ కమిషనుకు కార్యదర్శియై రెండేండ్లు శ్రమించినాడు. తరువాత కాలిఫోర్నియాలో ఒక గనుల సంస్థానానికి నిర్వాహకుడై, అక్కడి యోసెమిటీ లోయ ధనికుల చేతులలో పడక ప్రజలందరి అనుభవానికి మిగలవలెనని 1865లో ఒక నివేదిక సమర్పించినాడు.

ఇంతకూ తోటకు ఎవరు వచ్చినారు? ఏమి చేసినారు? ఇక్కడనే ఓమ్‌స్టెడ్ సిద్ధాంతానికి పరీక్ష ఎదురైనది. ధనవంతుడూ దరిద్రుడూ ఒకేచోట నడిచి ఒకరి ముఖం ఒకరు చూచుకొనవలెనని ఆయన ఆశ. కాని మొదటి పదేండ్లలో వచ్చినవారిలో సగానికి పైగా సొంత బండ్లలో వచ్చినవారే. కూలిజనం నివసించే పేటలు చాలా దూరాన ఉండేవి. ట్రాముకు ఛార్జీ పెట్టుకోవాలి. వారంలో ఆరు దినాలు పని. తీరిక దొరికేది ఆదివారం ఒక్కటే. బ్యాండు కచేరీలు జరిగినది శనివారాలలో. పచ్చికపై నడవరాదు, గుంపులుగా వనభోజనాలు చేయరాదు, ఆదివారం బీరు త్రాగరాదు. బంతి ఆడవలెనంటే పిల్లలు ఉపాధ్యాయుని వద్ద సత్ప్రవర్తన పత్రం తెచ్చుకొనవలె! ఈ నిబంధనల వెనుక ఓమ్‌స్టెడ్ మనస్సు ఉన్నది. చిత్రపటాన్ని తాకకుండా చూచినట్లు తోటను చూడాలని ఆయన భావన. తోటకాపరులకు శిక్షణ ఇచ్చి, జనానికి తోటను అనుభవించే పద్ధతి నేర్పమన్నాడు.

అందులో కొంత న్యాయం లేకపోలేదు. క్రొత్తగా నాటిన పచ్చికపై లక్షలమంది త్రొక్కితే అది నిలువదు. కాని ఆరుదినాలు యంత్రం ముందు వంగి నిలుచున్నవానికి ఏడోనాడు కావలసినది మౌనదర్శనం ఒక్కటే కాదు. పరుగెత్తడం, పాడడం, బిడ్డలతో కలిసి తినడం, పదిమందితో నవ్వడం కూడా కావాలి. జనం ఊరకుండలేదు. ఆదివారం కూడా కచేరీలు పెట్టవలెనని శ్రామికులు ఆందోళన చేసినారు. 1884లో అది సాధించుకొన్నారు. బంతియాటకు, టెన్నిసుకు స్థలాలు క్రమంగా వచ్చినవి.

ఓమ్‌స్టెడ్ మొండివాడైనా పాఠం నేర్వలేనివాడు కాడు. 1866 నుండి ఆయనా, వాక్సూ బ్రూక్లిన్‌లో నిర్మించిన ప్రాస్పెక్ట్ పార్కులో సువిశాలమైన మైదానం పరచినారు. 1870లో బోస్టన్‌లో చేసిన ఉపన్యాసంలో ఆయన నగరవాసుల వినోదాలను విడదీసి చూపినాడు: వేలమంది ఒకచోట చేరి ఒకరినొకరు చూచుకొనే సంతోషం ఒకటి, ఇంటివారూ, స్నేహితులూ చెట్టుక్రింద కూర్చుని ముచ్చటించుకొనే సంతోషం మరొకటి. తోట రెంటికీ చోటీయవలెనన్నాడు. వాక్స్‌తో భాగస్వామ్యం 1872లో ముగిసినది. కీర్తి అంతా తన సహచరునికే పోయినదన్న బాధ వాక్స్‌కు మిగిలినది. ఆ బాధలో సత్యమూ ఉన్నది.

రాజకీయాలతో ఆయనకు నిత్యమూ పోరాటమే. 1870లో ట్వీడ్ ముఠావారు నగరపాలన చేజిక్కించుకొని, తమ మనుష్యులకు ఉద్యోగాలిచ్చే సత్రంగా తోటను మార్చినారు. ఏపుగా ఎదిగిన పొదలు నరికివేసినారు. మరుసటి ఏడు ఆ ముఠా కూలినది గాని, 1878 జనవరిలో ఓమ్‌స్టెడ్ ఉద్యోగం ఊడినది. ఇరువది సంవత్సరాలు పెంచిన తోటనుండి వెడలగొట్టబడిన ఆయన క్రుంగిపోయి, కొంతకాలం దేశం విడిచి తిరిగినాడు.

అటుపిమ్మట బోస్టన్ నగరం ఆయనను ఆదరించినది. అక్కడ ఆయన చేసినది ఒక తోట కాదు, తోటల హారం. మురుగునీరూ సముద్రపు పోటూ కలిసి కంపుకొట్టే ఫెన్స్ అనే పల్లపుభూమిని బాగుచేసి, నీరు పారే మార్గమూ, విహారభూమీ ఒకటే అయ్యేటట్లు మలచినాడు. వాగు వెంట, చెరువు వెంట చెట్లబాటలు వేసి ఫ్రాంక్లిన్ పార్కు వరకు కలిపినాడు. ఆ పార్కులో బడిపిల్లల ఆటలకు సుమారు 30 ఎకరాల మైదానం ప్రత్యేకించినాడు. ఒకనాడు సత్ప్రవర్తన పత్రం అడిగిన తోటలకూ దీనికీ ఎంత దూరం! ఇరుకిండ్ల పేట చెంతనే, చార్లెస్ నది ఒడ్డున, ఆయన సంస్థ రూపొందించిన చిన్న పార్కులో 1889లో ఉచిత వ్యాయామశాల తెరచినారు. రెండేండ్లకు స్త్రీలకూ, పిల్లలకూ మరొకటి ఏర్పడినది. పేదవాడు తోట దాకా నడచి రాలేనప్పుడు తోటే పేదవాని గడపకు పోవాలన్న జ్ఞానం అది.

చివరిదశ విషాదకరం. 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శనకు ఆవరణ తీర్చిదిద్దిన కొలదికాలానికే జ్ఞాపకశక్తి సన్నగిల్లి, 1895లో పని విరమించినాడు. ఆ ఏడే వాక్స్ నీట మునిగి మరణించినాడు. ఓమ్‌స్టెడ్‌ను 1898లో మాసచూసెట్స్‌లోని మక్‌లీన్ వైద్యశాలలో చేర్చినారు. ఆ వైద్యశాల ఆవరణ విషయంలో పూర్వం సలహా ఇచ్చినవాడు ఆయనే. అక్కడనే 1903 ఆగస్టు 28వ తేదీన కన్నుమూసినాడు. కుమారులు ఆయన వృత్తిని కొనసాగించినారు.

ఆయన పోయిన తరువాత కూడా సెంట్రల్ పార్కు మారుతూనే వచ్చినది. 1926లో పిల్లల ఆటస్థలం వచ్చినది. గొఱ్ఱెలు మేసే పచ్చికనుండి 1934లో గొఱ్ఱెలను తరలించి, ఆ చోటు మనుష్యులకు విడిచినారు. 1970 తరువాతి యేండ్లలో నగరానికి డబ్బు కరవై తోట పాడుపడినది. 1980లో పౌరులు ఒక సంరక్షక సంస్థగా ఏర్పడి మరల నిలబెట్టినారు. 2018లో లోపలి బాటలపై మోటారుకార్లు తిరగడం నిలిపివేసినారు. ఇప్పుడు ఏటా కోట్ల సంఖ్యలో జనం అక్కడికి వస్తారు. ఒకనాడు త్రొక్కరాదన్న పచ్చికపై పడుకొంటారు, చదువుకొంటారు, పిల్లలను ఆడించుకొంటారు.

ఓమ్‌స్టెడ్ మనస్సులోని తోటా, జనం అనుభవంలోని తోటా నేడు ఒకటి కావు. అయినా ఈ రెండవది నిలిచినది మొదటిది ఉండబట్టే. వీథులూ ఇండ్లూ మ్రింగివేయవలసిన 843 ఎకరాల నేలను ఆయన తరంవారు ప్రజల పేర కట్టిపెట్టకుంటే, దానిలో ఎట్లు నడవాలో తగవులాడుకొనడానికి తరువాతివారికి చోటే మిగిలేది కాదు. చెట్టు నాటినవాడు నీడను మాత్రమే ఇవ్వగలడు. ఆ నీడలో ఎవరు కూర్చోవాలో, ఏమి చేయాలో ప్రతి తరమూ తానే తేల్చుకొనవలసి ఉన్నది. ఆ నీడకు ఏ గడపవారూ దూరం కాకుండా చూడడమే నాటినవానికి తీర్చదగిన ఋణం.